గడి చూపించే మనిషి

1948 సెప్టెంబరు 20, సోమవారం

ఈ పుస్తకం మా ఆయన ఇచ్చాడు. "చూసిన జాగలన్ని దీంట్ల రాయి ఆండాళూ, లేకుంటే మర్శిపోతం" అన్నాడు. ఏం చూశామని రాయను? పెళ్ళయి నల్లగొండకు వచ్చి ఏడాది దాటింది. రజాకార్లు వస్తున్నారంటే తలుపు గడియ పెట్టడం, పోయారంటే తీయడం, ఇదే చూసింది. మొన్న శుక్రవారం నిజాం లొంగిపోయాడట. బడి ఇంకా తెరవలేదు. మా డ్రాయింగు మాస్టరుకు ఇంట్లో కాలు నిలవడం లేదు.

కొత్త పెళ్ళాన్ని ఎవరైనా సినిమాకు తీసుకుపోతారు. ఈయన రాళ్ళ దగ్గరికి తీసుకుపోతాడు. ఇవాళ పానగల్లు గుడి. లింగం వెనక గోడ మీద ఒక నీడ ఉంటుంది, పొద్దంతా కదలదు. అది ఏ స్తంభం నీడో కనిపెడతానని నన్ను ఒక్కో స్తంభం దగ్గర నిలబెట్టి, తాను లోపలికి పోయి చూసి వచ్చాడు. నీడ సంగతి తేలలేదు. నా కాళ్ళు మాత్రం పడిపోయాయి. ఇంటికొచ్చేసరికి మా అత్త గోవిందమ్మ గడపలోనే ఉంది. "ఏమయ్యా సారూ, పెండ్లాన్ని గుళ్ళె స్తంభం చేసినవా?" అన్నది. నవ్వాగలేదు.

సెప్టెంబరు 22

వాన. ఎక్కడికీ పోలేదు. ఎదురింటి ఖాసింబీ భయంతో ఇంకా తలుపు తీయడం లేదు. గిన్నెలో పప్పు తీసుకుపోయి గడప దగ్గర పెట్టి వచ్చాను. సాయంత్రానికి గిన్నె కడిగి బోర్లించి ఉంది.

సెప్టెంబరు 24, శుక్రవారం

వావిళ్ళపాడు దొర ఉండే గడికి పోయాం. బండి బాట ఉంది కానీ మా ఆయనకు బాట పనికిరాదు, గుట్ట ఎక్కాలి. మెట్లు ఎవరో పాతకాలం వాళ్ళు చెక్కారట, సగం మట్టిలో కూరుకుపోయాయి. రెండు పక్కలా సీతాఫలం చెట్లే, కాయలు కన్ను తెరుస్తున్నాయి. పైన నాలుగు స్తంభాల మంటపం. దాన్ని ఆయన చేతికర్రతో కొలుస్తుంటే నేను కూర్చుని, పండినవి ఏరుకుని తిన్నాను. అక్కడినుంచి కిందికి చూస్తే గడి. ఊరంతా ఒక పక్కన, గడి ఒక్కటీ ఒక పక్కన.

దొర, దొరసాని ఎండాకాలంలోనే పట్నం పారిపోయారు. సంఘం వాళ్ళు గాదెల్లోని వడ్లు జనానికి పంచి, కచేరిలోని కాగితాలు తగలబెట్టి, ఇంటి జోలికి పోకుండా వదిలేశారట. ఇప్పుడు చుట్టు ఊళ్ళ జనం సద్దులు కట్టుకుని గడి చూడటానికి వస్తున్నారు, జాతరకు వచ్చినట్టు. ఒకామె దొర ఉయ్యాల మీద కూర్చుని పిల్లకు పాలిస్తోంది. అన్నిటికన్నా నవ్వొచ్చింది చెప్పుల సంగతి. గడి ముందుకు రాగానే ప్రతి ఒక్కరూ అలవాటు కొద్దీ చెప్పులు చేత పట్టుకుంటున్నారు. దొర లేడు కదా అని గుర్తొచ్చి మళ్ళీ వేసుకుంటున్నారు. నాలుగడుగులు వేసి మళ్ళీ విప్పుతున్నారు. నేను పకపకా నవ్వాను. మా ఆయన నా చేతివైపు చూపించాడు. నా చెప్పులు కూడా నా చేతిలోనే ఉన్నాయి.

లోపల చూపించడానికి ఒక మనిషి ఉంది. దొరసాని తాళాలు ఈమెకు అప్పగించి పోయిందట. సన్నగా, నిటారుగా ఉంది. నాకన్నా అయిదారేళ్ళు పెద్దదేమో. పేరడిగితే పుష్ప అన్నది. మా ఆయనను చూడగానే వంగి, "దొరా, గిట్ల రాండ్రి" అన్నది. ఆయన సిగ్గుపడిపోయాడు. "నేను దొరను గాదమ్మా, బడిపంతులును" అన్నాడు. ఆమె వినలేదు. పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పుకుంటూ పోయింది. "గిది కచేరి. గిది దొరసాని పూజ చేసే అర్ర. గిది దొర భోజనం చేసే జాగ. గీ అద్దం బొంబాయి నుంచి తెచ్చిండ్రు." ఒక్క అర్ర ముందు మాత్రం ఆగకుండా దాటిపోయింది. అది తీయమని మా ఆయన అడిగితే, "గది చూపియ్య" అన్నది, అంతే.

బావి దగ్గరికి వచ్చేసరికి తాళాల గుత్తి దారం పుటుక్కున తెగింది. తాళాలన్నీ రాళ్ళ మీద పడ్డాయి. ఆమె గొంతుక్కూర్చుని, తెగిన కొసలు ఉమ్మితో తడిపి, ఎడమ చేతి రెండు వేళ్ళ మధ్య ఒక్క తిప్పు తిప్పి ముడేసింది. రెప్పపాటు పని.

రాసి రాసి చేయి నొప్పి పుడుతోంది. ఇవాళ్టికి చాలు.

సెప్టెంబరు 25

లోకంలో ఎడమచేతి వాళ్ళు బాపు ఒక్కడేనా?

రాయకూడదనుకున్నాను, రాస్తున్నాను. మగ్గం మీద పోగు తెగితే సాలెవాళ్ళందరూ ముడేస్తారు. కానీ మా బాపుది పుర్రచెయ్యి. ఆయన ముడి అందరి ముడికీ తిరగేసి పడుతుంది. గట్టిగా నిలుస్తుంది, పొడుగు కొస ఒక్కసారి లాగితే మాత్రం జారి విడిపోతుంది. మా వాడలో అందరూ "గండయ్య ముడి" అని ఎగతాళి చేసేవారు. అది ఆయన ఇద్దరికే నేర్పాడు. ఒకతె నేను. ఇంకొకతె మా అక్క బిక్షమ్మ.

అక్క గత్తరతో, వాంతులూ భేదులూ అయ్యి చనిపోయింది. నాకప్పుడు ఆరేళ్ళు. నన్ను మేనత్త ఇంటికి పంపారు, తిరిగి వచ్చేసరికి అక్క లేదు. ప్రతి ఏడూ పెత్తరమాస అమావాస్యకు చనిపోయిన పెద్దలతో పాటు అక్క పేరు మీద కూడా బాపు అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తాడు. చచ్చిపోకపోతే ఎందుకిస్తాడు?

కాబట్టి అది ఎవరో ఎడమచేతి మనిషి.

సెప్టెంబరు 27, సోమవారం

మళ్ళీ పోదామని నేనే అడిగాను. ఆయన పొంగిపోయాడు. నాకు కూడా రాళ్ళ మీద ప్రేమ పుట్టిందనుకున్నాడు పాపం. బయట కూర్చుని బురుజు బొమ్మ గీసుకుంటానన్నాడు. నేను ఒక్కదాన్నే లోపలికి పోయాను.

ఆమె బావి గట్టున కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేనేమీ అడగలేదు. అడిగితే లేదంటుందని భయం. నా కొంగు అంచులో ఒక పోగు తెంపి, దాన్ని రెండు ముక్కలు చేసి, తడిపి, ఎడమ చేత్తో ముడేసి ఆమె ఒళ్ళో పెట్టాను.

ఆమె ముడిని చూసింది. నన్ను చూడలేదు. కొస పట్టి లాగింది. విడిపోయింది.

"ఆండీ?" అన్నది.

ఆ పేరు నన్నెవరూ పిలవక ఎన్నేళ్ళయిందో.  ఏడుపు కూడా రాలేదు. పెద్ద దెబ్బ తగిలినప్పుడు కాసేపు నొప్పి తెలియదు కదా, అలా కూర్చున్నాను. ఆమే నా భుజం పట్టుకుని ఊపింది. "ఎందుకొచ్చినవు చెల్లె? నేను సచ్చిపోయిన గద."

మా ఊరి దొర బిడ్డకు పెళ్ళయినప్పుడు ఆ బిడ్డతో పాటు అత్తగారింటికి సేవకు ఒక పిల్లను పంపాలి. నగలు, ఆవులు పంపినట్టే పంపుతారు. ఆడబాప అంటారు. గడి గుమ్మంలో బట్టల మూట పట్టుకుని బాపు వెంట నిలబడ్డ అక్కను చూసి ఆ దొర, "గీ పిల్ల బాగున్నది" అన్నాడట. అంతే. అప్పటికి అక్కకు పన్నెండేళ్ళు. బిక్షమ్మ అనే పేరు దొరసానికి నచ్చక పుష్ప అని పెట్టింది. మిగిలినదంతా అక్క చెప్పలేదు. తీయని ఆ అర్రవైపు ఒకసారి చూసింది. నేనూ చూశాను. ఇద్దరం తల తిప్పుకున్నాం.

"నీకెట్ల తెలుసు, ఇంట్ల నువ్వు సచ్చిపోయినవని చెప్పిన్రని?" అని అడిగాను.

"గాజులామె చెప్పింది. మీ ఊరికి పోయిన, నీ పేరు మీద పెత్తరమాసకు బియ్యం ఇస్తున్నరు అన్నది." కొంచెం నవ్వింది కూడా. "ఆ నాడు నేను కడుపు నిండ తింట ఆండీ. గీ గడిల ఎన్నడూ అడిగి తినలే, ఆ ఒక్కనాడు అడిగి పెట్టించుకుంట. అవి నా బియ్యమే, నాకే ముట్టినయి అనుకుంట."

నాతో రమ్మన్నాను. చేయి పట్టి లాగాను. సంఘంలో పనిచేసే ఆడమనిషి కూడా ఇంటికి పో అని చెప్పిందట. "ఏడికి పోవాలె? సచ్చినోళ్ళు ఇంటికి వోతే దయ్యమంటరు" అన్నది. ఇంకో మాట కూడా చెప్పింది. మిలిట్రీ వెంట దొరలు ఒక్కొక్కరే ఊళ్ళకు తిరిగి వస్తున్నారట. ఈ దొర కూడా పెత్తరమాస దాటినంక వస్తానని కబురు పంపాడట. వస్తే మళ్ళీ అంతా మొదటికే.

ఆయన బురుజు బొమ్మ బాగా వచ్చిందని చూపించాడు. బాగుంది అన్నాను.

సెప్టెంబరు 28

అక్క బతికి ఉంది. రాసి చూసుకున్నా నమ్మబుద్ధి కావడం లేదు.

సెప్టెంబరు 29, బుధవారం

ఆయనకు చెప్పేశాను. గుడ్లప్పగించి చూశాడు. గుట్టలూ గుళ్ళూ అంటే గంటలు మాట్లాడే మనిషి. ఇవాళ అన్నది ఒక్క మాట: "అమ్మకు చెప్పకు."

ఎందుకు చెప్పొద్దు? ఆడబాప చెల్లెలిని కోడలిగా తెచ్చుకున్నామని మా అత్తకు తెలియకూడదు. అదీ సంగతి.  ఆయనకు వడ్డించి, నేను తినకుండా లేచాను.

కానీ బాపు, అమ్మ పాపం. దొర పంపిన మనుషులు పిల్ల గత్తరతో పోయిందని వచ్చి చెప్పి ఉంటారు, వీళ్ళు నమ్మి ఉంటారు. ఈ సంగతి తెలిస్తే అమ్మ ఎట్లా పరుగెత్తుకొస్తుందో! పెత్తరమాస ఇంకా మూడు రోజులుంది. రేపే పోతాను.

అక్టోబరు 1, శుక్రవారం

చౌటుప్పల్ దాకా బస్సు, అక్కడినుంచి పోచంపల్లి పోయే బండి, చివరికి మా ఊరికి నడక. ఆయన వెంట వస్తానన్నాడు. వద్దన్నాను.

దారిపొడుగునా ఒక్కటే ఆలోచన. ముందు అమ్మకు చెప్పాలా, బాపుకు చెప్పాలా? ఇద్దరూ ఉన్నప్పుడే చెప్పాలి. అమ్మకు కళ్ళు తిరిగితే పట్టుకోవాలి. ఏమేం అనుకున్నానో తలుచుకుంటే సిగ్గేస్తోంది.

బాపు మగ్గం గుంటలో ఉన్నాడు. అమ్మ కండెలు చుడుతోంది. మూట కింద పెట్టకుండానే చెప్పాను. "బాపూ, అక్క బతికే ఉన్నది. నేను చూసిన, మాట్లాడిన. వావిళ్ళపాడు గడిల ఉన్నది."

బాపు మగ్గం ఆపాడు. అమ్మ రాట్నం ఆపింది. నేను ఇద్దరి ముఖాలూ చూశాను.

ఇద్దరి ముఖాల్లోనూ ఆశ్చర్యం లేదు.

ఇంతకన్నా ఏం రాయాలో తెలియడం లేదు. వాళ్ళకు తెలుసు. మొదటినుంచీ తెలుసు. గత్తర లేదు, ఏమీ లేదు. ఒట్టి పాడె కట్టి, గుడ్డ కప్పి, వాకిట్లో ఏడ్చి, కులం వాళ్ళందరినీ నమ్మించారు.

"ఎందుకు బాపూ?" అంటే ఆయన నావైపు చూడకుండా, "నీ పెండ్లి కావాలె గద బిడ్డా" అన్నాడు. "ఆడబాప చెల్లెను ఎవడు చేసుకుంటడు? ఒక పిల్లను దొర గుంజుకపోయిండు. రెండో పిల్లనన్న బతికిచ్చుకుందమనుకున్న."

నా మెడలో పుస్తె మీద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. డ్రాయింగు మాస్టరు, నల్లగొండ కాపురం, సెలవు రోజుల్లో షికార్లు. వీటన్నిటి కోసం అక్కను చంపేశారు. నన్ను ఎవరూ అడగలేదు, నేను అడగమనలేదు. అయినా తిన్నది నేనే కదా.

"దొర మల్ల వస్తున్నడు. అక్కను తోలుకొద్దం పా" అని బతిమాలాను.

"నా పెద్ద బిడ్డ సచ్చిపోయింది" అన్నాడు బాపు. మగ్గం మళ్ళీ మొదలుపెట్టాడు.

అమ్మ ఒక్క మాటా మాట్లాడలేదు. ఆమె మీదే ఎక్కువ కోపం వచ్చింది.

అక్టోబరు 2, పెత్తరమాస



ఇవాళ మగ్గాలు ఆడవు. మా వాకిట్లో వాడ జనమంతా ఉన్నారు, కులపెద్ద కాటమయ్య కూడా ఉన్నాడు. విస్తరాకుల్లో బియ్యం, కందిపప్పు, గుమ్మడికాయ ముక్క, చింతపండు, బెల్లం పెట్టి వరసగా ఉంచారు. తాతకు ఒకటి, నాయనమ్మకు ఒకటి, అక్కకు ఒకటి. అయ్యగారు ఒక్కో పేరూ అడిగి నీళ్ళు విడిపిస్తున్నాడు. తాత అయిపోయాడు. నాయనమ్మ అయిపోయింది. బాపు నీళ్ళ చెంబు పట్టుకుని, "బిక్షమ్మ" అనబోయాడు.

"ఆ పేరు తియ్యకుండ్రి అయ్యగారూ" అన్నది అమ్మ.

నేననుకున్నాను, నా చెవులు మోసం చేశాయని. అమ్మ పదిమందిలో గొంతెత్తడం నేనెన్నడూ వినలేదు. తలుపు చాటునుంచి బయటికొచ్చి, వాకిలి మధ్యన నిలబడింది.

"నా బిడ్డ సావలే. దొర తీస్కపోయిండు. బతికున్న బిడ్డకు పిండం వెట్టిన పాపం చాలు. ఏటేటా గీ బియ్యం వెడ్తుంటె నా చెయ్యి కాలిపోయేది."

 కాటమయ్య, "గండయ్యా, నీ పెండ్లాం ఏమంటున్నది? నిజమేనా?" అని అడిగాడు. బాపు చెంబు కింద పెట్టి, లోపలికి పోయి మగ్గం గుంటలో కూర్చున్నాడు. ఆడించలేదు, ఊరికే కూర్చున్నాడు. కులపెద్ద లేచాడు, ఆయన వెనక అందరూ లేచారు. పంచాయితీ పెడతారట. పెట్టుకోనీ.

అక్క ఆకు మాత్రం అక్కడే మిగిలింది. కాకులు రాకుండా అమ్మ పక్కనే కూర్చుంది.

సాయంత్రం ఆడపిల్లలు ఎంగిలిపూల బతుకమ్మ ఎత్తుకుని వీధిలో పోతూ మా ఇంటి ముందుకు రాగానే పాట ఆపేశారు. దాటాక మళ్ళీ ఎత్తుకున్నారు.

అక్టోబరు 3

అమ్మ నాతో నల్లగొండ వచ్చింది. బాపు రాలేదు. పొద్దున బయలుదేరేటప్పుడు కూడా గుంటలోంచి లేవలేదు. కిరాయి బండిలో అప్పటికే బియ్యం మూట ఉంది, అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మా అత్తకు నేనే చెప్పేశాను. ఆయన తల దించుకుని విన్నాడు. అత్త మాత్రం లేచి అమ్మకు కంచం పెట్టింది.

అక్టోబరు 5, మంగళవారం

నిన్న రాయలేకపోయాను. ఇవాళ రాస్తాను.

నిన్న పొద్దున ఆయన చేతికర్ర తీసుకుని మాకన్నా ముందు గడప దిగాడు. "బాట మీద మిలిట్రీ లారీలు తిరుగుతున్నయి. గుట్ట తోవల పోదం, ఆ మెట్లు నాకు తెలుసు" అన్నాడు. మూడు రోజుల తర్వాత నేను ఆయనతో మాట్లాడిన మాట ఒక్కటే: "పాండ్రి."

గడిలో జనం పలచగా ఉన్నారు. దొర వస్తున్నాడన్న కబురు పాకి చాలామంది రావడం మానేశారు. ఉయ్యాల ఖాళీగా ఉంది. అక్క పెద్ద దర్వాజ లోపల నిలబడి ఉంది. అమ్మను చూసింది. గుర్తుపట్టింది, ముఖం పాలిపోయింది. నేను పరుగెత్తబోతే చెయ్యి అడ్డం పెట్టి, ఎవరో చూడవచ్చిన వాళ్ళకు చెప్పినట్టే మొదలుపెట్టింది.

"గిది కచేరి. గిది దొరసాని పూజ చేసే అర్ర."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వెనకే నడిచింది. నేను బిత్తరపోయాను. ఆపమని అరవాలనిపించింది. "గిది దొర భోజనం చేసే జాగ. గీ అద్దం బొంబాయి నుంచి తెచ్చిండ్రు." అద్దంలో ఇద్దరూ పక్కపక్కన కనిపించారు. అదే ముక్కు, అదే నుదురు. అక్క మాట అక్కడ ఆగింది.

"అన్ని చూపిస్తున్నవు బిడ్డా" అన్నది అమ్మ. "నువ్వు పండుకునే జాగ చూపియ్యి."

దొరసాని అర్ర గుమ్మం బయట, నడిచే దారిలో, ఒక గోనెపట్టా పరిచి ఉంది. అటు పోయేవాళ్ళు ఇటు పోయేవాళ్ళు దాటుకుంటూ పోవాలి. అంతే జాగా. అమ్మ ఆ పట్టా మీద కూలబడింది. నేల మీద అరచేతులతో కొట్టుకుంటూ ఏడ్చింది. "నన్ను తిట్టు బిడ్డా, కొట్టు" అన్నది. అక్క తిట్టలేదు, కొట్టలేదు. ఏం చేయాలో తెలియని దానిలా నిలబడి, చివరికి అమ్మ తల మీద చెయ్యి పెట్టింది.

అమ్మ మూట ఆమె చేతుల్లో పెట్టింది. "నీ బియ్యమే. ఈసారి అయ్యగారికి ఇయ్యలే. నీకే తెచ్చిన."

అప్పుడే బురుజు మీదినుంచి మా ఆయన కేక. "లారీ వస్తున్నది! జల్ది నడువుండ్రి!"

అక్క తాళాల గుత్తి మేకుకు తగిలించింది. వంటింటి వైపు తిరిగింది, దొడ్డి తలుపులోంచి పోవడానికి. పన్నెండేళ్ళ అలవాటు. నేను చెయ్యి పట్టుకుని పెద్ద దర్వాజ వైపు లాగాను. ఎంతమందినో ఆ దర్వాజలోంచి లోపలికి రప్పించింది కానీ తాను ఒక్కసారీ దాటలేదట. గడప మీద కాలు పెట్టి ఆగిపోయింది. బురుజు దిగిన మా ఆయన బయటినుంచి, "రా వదినె, గడప ఎత్తుగున్నది, జర పైలం" అని చెయ్యి అందించాడు.

వదినె అన్నాడు. నేను విన్నాను. నా కోపం సగం అక్కడే పోయింది. సగం ఉంచుకున్నాను.

గుట్ట ఎక్కుతూ ఎవరం వెనక్కి చూడలేదు. కింద లారీ ఆగిన చప్పుడు, ఎవరో "పుష్పా, పుష్పా" అని పిలిచిన కేక వినిపించాయి. అక్క నడక తప్పింది. అలవాటైన పిలుపు కదా. అమ్మ గట్టిగా, "బిక్షమ్మా, నడువు" అన్నది. నడిచింది.

మంటపంలో కూర్చున్నాం. ఊపిరి అందాక అక్క మూట ఒళ్ళో పెట్టుకుని దాని ముడి చూస్తూ ఉండిపోయింది. 

"ఈ మూట ఎవరు కట్టిన్రు?"

"ఆండాళు కట్టింది" అన్నది అమ్మ.

"నేను కట్టలే. నువ్వు కట్టినవనుకున్న" అన్నాను.

అమ్మ నన్ను చూసింది. నేను మూటను చూశాను. పెత్తరమాస రాత్రి దాకా ఆ బియ్యం ఆకులోనే ఉన్నాయి. తెల్లారి లేచేసరికి గుడ్డలో మూట కట్టి బండిలో ఉన్నాయి. గుడ్డ కొత్తది, మగ్గం మీదినుంచి అప్పుడే కోసినది. ముడి తిరగేసి ఉంది.

మగ్గం గుంటలోంచి లేవనివాడు, నా బిడ్డ సచ్చిపోయింది అన్నవాడు, ఎప్పుడు లేచాడు? ఎప్పుడు కోశాడు?

అక్క ఎడమ చేత్తో పొడుగు కొస పట్టుకుని లాగింది. ముడి విడిపోయింది. పిడికెడు పచ్చి బియ్యం తీసుకుని నోట్లో వేసుకుని, మెల్లగా నమిలింది.

"ముట్టినయమ్మా" అన్నది.